‘డిజిటల్ అరెస్ట్’ ఫోన్ల గురించి అమ్మానాన్నలకు ముందే ఏం చెప్పి ఉంచాలి?

ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నలను ‘డిజిటల్ అరెస్ట్’ మోసాల నుంచి, అంటే పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి కూర్చోబెట్టి డబ్బు గుంజే మోసాల నుంచి, ఎలా కాపాడుకోవాలని మీరు అడిగారు. బ్యాంకులో డిపాజిట్ల కౌంటర్‌లో పనిచేసే మనిషిగా, నేను కళ్లారా చూసిన దాన్ని బట్టి చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు మా శాఖకు వచ్చి, తన ఫిక్స్‌డ్ డిపాజిట్లన్నీ గడువుకు ముందే రద్దు చేయమన్నారు. ఎందుకని అడిగితే ‘ఇంటి అవసరం’ అని మాత్రం అన్నారు. చెంగు చాటున పట్టుకున్న ఫోన్‌లో కాల్ నడుస్తూనే ఉంది. నేను నోరు మెదపకుండా ఒక ఫారం వెనుక ‘మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తున్నారా?’ అని రాసి ఆమె ముందుకు జరిపాను. ఆమె చదివి, కళ్లలో నీళ్లతో తల ఊపారు. ఆమె పేరు మీద వచ్చిన పార్శిల్‌లో మత్తు పదార్థాలు దొరికాయని, తాము ముంబై పోలీసులమని చెప్పినవాళ్లు ముందురోజు నుంచి ఆమెను వీడియో కాల్ ముందు కూర్చోబెట్టారు. ఉన్న సొమ్మంతా రిజర్వు బ్యాంకు పరిశీలనకు పంపితే తిరిగి ఇస్తామని, ఈ సంగతి కొడుక్కి చెబితే అతన్ని కూడా కేసులో ఇరికిస్తామని అన్నారట.

ఈ మోసానికి ఆయువుపట్టు ఆ చివరి బెదిరింపే. ‘ఇదేమిటి?’ అని అడిగే మనిషి పక్కన లేకుండా చేస్తే ఎంత చదువుకున్నవారైనా భయానికి లొంగిపోతారు. మన చట్టం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు పద్ధతులను నిర్దేశించే చట్టం) 48వ సెక్షన్ ప్రకారం, ఎవరినైనా అరెస్టు చేసిన పోలీసులు ఆ సంగతిని వారి బంధువులకో స్నేహితులకో వెంటనే తెలియజేయాలి. ఇక వీడియో కాల్‌లో అరెస్టు చేయడమనేది చట్టంలో ఎక్కడా లేదు. కనుక ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నవాడు పోలీసు కాడని, ఆ మాట వినగానే ఫోన్ పెట్టేసి మీకు చేయమని వారికి పదే పదే చెప్పండి. మీతో మాట్లాడకుండా ఏ డిపాజిట్‌నూ రద్దు చేయకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోవడం ఇంకా మంచిది.

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి; తమ బ్యాంకుకూ చెప్పాలి. మోసగాళ్లు ఆ సొమ్మును ఒక ఖాతా నుంచి మరెన్నో ఖాతాలకు చకచకా మళ్లిస్తారు కాబట్టి, ఎవరూ తీసుకోకుండా ఇంకా ఖాతాల్లో మిగిలిన మొత్తాన్ని మాత్రమే ఆపగలుగుతారు. ఆ టీచరుగారు ఆ ఉదయమే కొంత సొమ్ము పంపేశారు; శాఖలో నుంచే ఫిర్యాదు చేయించడంతో అందులో కొంత భాగం నిలిచింది. లావాదేవీ యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య), సమయం, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు దగ్గర పెట్టుకుంటే ఫిర్యాదు త్వరగా నమోదవుతుంది. cybercrime.gov.in అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. వాట్సాప్ సందేశాలను, కాల్ వివరాలను తుడిచేయకండి.

ఇంకొక్క మాట. డబ్బు పోయాక పిల్లలు కోప్పడతారని రోజుల తరబడి దాచిపెట్టే పెద్దవాళ్లను కౌంటర్ దగ్గర చూస్తూనే ఉన్నాను. ఏం జరిగినా తిట్టనని మీ అమ్మానాన్నలకు ఈ రోజే మాట ఇవ్వండి.