కొత్త ఉపగ్రహాల జాడ పట్టాలంటే

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

శ్రీహరికోటలో రాకెట్ లేచిన రోజే అందులోని బుల్లి ఉపగ్రహాల రేడియో సంకేతాలను పట్టేయాలని నీ ఆరాటమట, మీ అమ్మ చెప్పింది. మంచిదే. ముందు ఎక్కడుందో లోకానికంతా తెలిసినదాన్ని పట్టు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.825 మెగాహెర్ట్జ్‌లో ప్యాకెట్ సంకేతాలు, అంటే చిన్న చిన్న కట్టలుగా పంపే డిజిటల్ సందేశాలు, వస్తుంటాయి. అర మీటరు చొప్పున రెండు అల్యూమినియం కడ్డీలను 120 డిగ్రీల కోణంలో బిగించి, కంప్యూటర్‌కు తగిలించే బుల్లి రేడియో రిసీవర్‌కు, అదే చవక రకం ఎస్‌డీఆర్ డాంగిల్‌కు, కలిపితే మేడ మీదే వినిపిస్తాయి. ఖరీదైన యాంటెన్నా ఇప్పుడే కొనకు, అటకెక్కుతుంది.

కంప్యూటర్ గడియారాన్ని మాత్రం ప్రతిసారీ ఇంటర్నెట్ సమయంతో సరిచూడు. ఈ ఉపగ్రహాలు సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు పోతాయి. నీ గడియారం సెకను తప్పితే లెక్క అంత దూరం తప్పినట్టే.

ఇక అసలు సంగతి. ప్రయోగానికి ముందు దొరికే టీఎల్‌ఈ, అంటే కక్ష్యను చెప్పే ఆ రెండు వరుసల అంకెలు, రాకెట్ అనుకున్న నిమిషానికే లేస్తుందన్న అంచనాతో కట్టినవి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే ఈలోగా భూమి ఒక డిగ్రీ తిరుగుతుంది. అందుకే మొదటి వరుసలో సమయాన్ని జరిపి ఊరుకోకు. రెండో వరుసలో వంపు కోణం తర్వాత వచ్చే అంకె కక్ష్య ఏ వైపుకు తిరిగి ఉందో చెబుతుంది, దానికీ ఒక డిగ్రీ కలుపు. చాలామంది తడబడేది ఇక్కడే.

ప్రయోగం తర్వాత కక్ష్యల వివరాలిచ్చే సెలెస్‌ట్రాక్ వెబ్‌సైట్‌లో కొత్త టీఎల్‌ఈలు వస్తాయి. పేర్లుండవు, ఆబ్జెక్ట్ ఎ, బి, సి అని ఉంటాయి. 2017 ఫిబ్రవరి 15న పీఎస్‌ఎల్‌వీ-సి37 ఒకేసారి 104 ఉపగ్రహాలను వదిలింది. అంత గుంపులో ఏది ఎవరిదో రాడార్‌తో తేలదు, అది పంపే రేడియో సంకేతమే చెప్పాలి. 435 మెగాహెర్ట్జ్ దగ్గర వినే ఉపగ్రహం ఎదురొస్తున్నప్పుడు పౌనఃపున్యం పది కిలోహెర్ట్జ్ దాకా ఎక్కువగా, దాటిపోయాక అంతే తక్కువగా కనిపిస్తుంది. తెర మీద అది సాగదీసిన ఎస్ అక్షరంలా గీత గీస్తుంది. ఆ గీత అన్నిటికంటే వేగంగా ఒరిగే క్షణమే ఉపగ్రహం నీకు అతి దగ్గరగా వచ్చిన క్షణం. దాన్ని రాసుకుని, ఏ ఆబ్జెక్ట్ లెక్కకు సరిపోతుందో చూడు. మొదటి రోజు అన్నీ సెకన్ల తేడాతో ఒకదాని వెనుక ఒకటి వస్తాయి, విడదీయలేవు. వాటి మధ్య ఎడం పెరిగేదాకా కొన్ని రోజులు ఓపిక పట్టు. తొలిరోజే పేరు తేల్చేసేవాళ్ల మాట నేను నమ్మను.

హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకునేదాకా వినడమే, ప్రసారం జోలికి పోకు.

రికార్డింగులు పంపితే చూస్తాను. ఫైలు పేరులో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, వేయి. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే సరి. తెల్లవారుజామున ఐదున్నరకు ముందు చేసినవాటికి తేదీ కూడా వెనక్కి మార్చాలి.

మీ మామయ్య