ముప్పై ఏళ్ల కుర్చీ

ప్రశ్న: ఇండోనేషియాను అన్నేళ్లు ఏలిన సుహార్తో ఒక్కసారిగా ఎలా పడిపోయాడండీ?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఎక్కిందే రక్తపు మడుగులోంచి. 1965లో ఆరుగురు జనరళ్ల హత్య జరిగాక సైన్యాన్ని గుప్పిట్లోకి తీసుకున్నాడు. కమ్యూనిస్టులన్న ముద్రవేసి లక్షలమందిని చంపించారు. 1966 మార్చి 11న అప్పటి అధ్యక్షుడు సుకర్ణో సంతకంతో ఓ కాగితం సంపాదించి అధికారం చేజిక్కించుకున్నాడు. దాని అసలు ప్రతి నేటికీ దొరకలేదు మరి!

బియ్యం పండించాడు, కాదనను. కానీ టోల్ రోడ్లు కూతురివి, లవంగాల గుత్తాధిపత్యం కొడుకుది. 1997లో వాళ్ల కరెన్సీ రుపియా కుప్పకూలింది.

నాకు మరపురానిది ఒక ఫొటో. 1998 జనవరి 15న సుహార్తో అప్పు షరతుల కాగితం మీద, బల్లమీదకు వంగి సంతకం పెడుతున్నాడు. అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) పెద్ద కామ్డెస్యూ చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మన దగ్గరైతే అది వినయం. అక్కడ మాత్రం పరీక్ష హాల్లో మాస్టారిలా కనిపించాడు!

మే 12న ట్రిసక్తి విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు కాల్పుల్లో చనిపోయారు. జకార్తా తగలబడింది. విద్యార్థులు పార్లమెంటు కప్పెక్కారు. 21న ఉపాధ్యక్షుడు హబీబీకి సుహార్తో కుర్చీ అప్పగించాడు. జైలంటారా? అనారోగ్యమని కేసు ఆపేశారు. 2008లో పోయాడు.