పాత జీఐ పైపులు: కారినచోట ముక్క మార్చితే చాలా, మొత్తం మార్పించాలా?

బాత్రూం గోడలో ఒకచోట నీరు కారుతోందని, ముప్పై ఐదేళ్ల నాటి జీఐ పైపులన్నీ (జింకు పూత పూసిన ఇనుప పైపులు) తీయించాలో, ఆ ముక్క మార్పిస్తే సరిపోతుందో తేలడం లేదని మీరు అడిగారు. దాదాపు అంతే వయసున్న పైపులను మా ఇంట్లో మార్పించిన అనుభవంతో చెబుతున్నాను. పైపు వయసును బట్టి కాక, దాని లోపలి స్థితిని బట్టి నిర్ణయించుకోవడం మంచిది.

ఇనుప పైపు మీది జింకు పూత అరిగిపోయాక లోపల తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, పైకి చెక్కుచెదరనట్లు కనిపించే పైపులో కూడా నీటి దారి ఇరుకైపోతుంది. మా వంటగది కుళాయి ధార సన్నబడినప్పుడు, ఇంకా పెద్ద మోటారు పెట్టించమని సలహా ఇచ్చినవారున్నారు. అది నాకు నచ్చక, గోడ బయట ఉన్న లైనులో జానెడు ముక్క కోయించి చూశాను. ముప్పావు అంగుళం పైపులో పెన్సిల్ పట్టేంత రంధ్రం మాత్రమే మిగిలింది. చుట్టూ ఉన్న బుడిపెలు వేలితో నొక్కగానే పొరలుగా రాలాయి. అటువంటి పైపులో ఒత్తిడి పెంచితే, అరిగిన చోటల్లా కొత్త లీకులు పుట్టించుకున్నట్లే.

కాబట్టి ప్లంబర్ మీ ఇంట్లో కారుతున్న ముక్కను తీసినప్పుడు పారేయనివ్వకుండా, నిలువునా కోయించి లోపల చూడండి. జాయింటు బిగించడానికి మర కోసిన చోట పైపు మందం తగ్గుతుంది గనుక సాధారణంగా మొదటి లీకు అక్కడే వస్తుంది. మిగతా భాగం శుభ్రంగా ఉంటే ఆ ఒక్క ముక్క మార్పించి ఊరుకోవచ్చు. అలా కాక, కుళాయి జల్లెడలో తుప్పు రేకులు చేరుతూ, ఒక లీకు తర్వాత మరొకటి వేర్వేరు చోట్ల వస్తూ ఉంటే, ఇక అతుకుల మీద పెట్టే డబ్బు దండగే. పైగా రెంచితో పాత లైనును తిప్పిన ప్రతిసారీ పక్క జాయింటు కదులుతుంది. ఉదయం మొదట వచ్చే నీరు ఎర్రగా ఉంటే, అది ఒక్క కుళాయికే పరిమితమా, అన్నింటిలోనూ వస్తోందా అన్నది గమనించండి. ఒక్కదానికే అయితే తప్పు ఆ కుళాయికి వెళ్లే కొమ్మ లైనులోనే ఉండవచ్చు. అన్నింటికీ అయితే ట్యాంకు నుంచి దిగే మెయిన్ లైనును అనుమానించాలి. సీసపు పైపుల విషయంలో మాత్రం ఈ పరీక్షలేవీ అక్కరలేదు, అవి ఎంత బాగున్నా తీయించవలసిందే.

మార్పించదలచుకుంటే, అసలు ఖర్చు పైపులది కాదు, గోడ పగలగొట్టి మళ్లీ టైల్స్ వేయడానిది. అందువల్ల త్వరలో టైల్స్ మార్చే ఆలోచన ఉంటే రెండు పనులూ కలిపి చేయించండి. పాత పైపుల మీద కొత్త టైల్స్ మాత్రం వేయించకండి. ఆ ఆలోచన లేకపోతే, పాత లైనును గోడలోనే మూసివేసి, కొత్తదాన్ని బయటి నుంచి లాగించవచ్చు. చూడటానికి అంత బాగుండదు గానీ, తర్వాతి మరమ్మతులు సులువు. కొత్త లైనుకు ప్లాస్టిక్ పైపుల్లో చన్నీళ్లకు యూపీవీసీ రకం చాలు, వేడినీళ్లకు సీపీవీసీ రకం వాడాలి. ఎండ తగిలేచోట రెండింటికీ రంగో కవచమో అవసరం.

ప్లాస్టరింగ్‌కు ముందు అన్ని చివరలూ మూయించి, పని ఒత్తిడికి (మామూలు వాడకంలో పైపులో ఉండే నీటి ఒత్తిడికి) ఒకటిన్నర రెట్లు ఒత్తిడి ఎక్కించి, ఒత్తిడి చూపే గేజి ముల్లు కదలడం లేదని మీరే నిలబడి చూసుకోండి. గోడ తెరిచి ఉండగానే కొలత టేపును ఆనించి ఫొటోలు తీసి ఉంచుకుంటే, తర్వాత మేకు కొట్టవలసి వచ్చినప్పుడు పైపు ఎక్కడుందో వెతుక్కోనక్కరలేదు.