వెల్లుల్లిని మందుగా ఎప్పటి నుంచి వాడుతున్నారు? దంచి వేయమనేది ఎందుకు?

వాడకం చాలా పాతది. ఈజిప్టులో దాదాపు 3,300 ఏళ్ల నాటి టుటన్‌ఖామున్ రాజు సమాధిలో వెల్లుల్లి గడ్డలు దొరికాయి. 1890లో మధ్య ఆసియాలోని కుచా దగ్గర బయటపడిన సంస్కృత బోవర్ రాతప్రతిలో వైద్య భాగం లశునం (వెల్లుల్లి) గుణాలతోనే మొదలవుతుంది. మన ఇళ్లలో బాలింతకు మొదటి ముద్దలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి పెట్టడం ఇప్పటికీ ఉంది.

ఇక దంచడం సంగతి. నలగని రెబ్బకు పెద్దగా ఘాటుండదు. నలిగితేనే అందులోని అల్లియిన్ అనే పదార్థం మీద అల్లినేజ్ అనే ఎంజైమ్ పనిచేసి అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి కచ్చాపచ్చాగా దంచి, పది నిమిషాలు వదిలేసి, పోపులో ఆఖరున వేయండి. ఆవాలతో పాటే వేస్తే మాడి చేదెక్కుతుంది.

పచ్చి ముద్దను చర్మానికి కట్టకండి, కాలి బొబ్బలెక్కుతుంది. పచ్చి రెబ్బలు నూనెలో వేసి బయట ఉంచడం మరీ ప్రమాదం: గాలి ఆడని చోట బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషం తయారుకావచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. ఆవకాయలో మామిడి పులుపు, ఉప్పు దండిగా ఉంటాయి కనుకే అందులో రెబ్బలు ఏడాదంతా నిలుస్తాయి.