నా లిస్టులో మొదటి పేరు బౌలర్‌ది

వన్డే క్రికెట్‌లో ఆల్‌టైమ్ గొప్ప ఆటగాళ్లు ఎవరు, వరుసగా చెప్పండి అని అడిగారు. ఈ ప్రశ్నకి వచ్చే జవాబులు నాకు కంఠతా వచ్చు. సచిన్, కోహ్లి, రిచర్డ్స్, ధోని, పాంటింగ్, రోహిత్. చివర్లో ఒక స్థానం ఖాళీగా మిగిలితే ఒక బౌలర్‌ని, అక్రమ్‌నో మురళీధరన్‌నో, అందులో సర్దుతారు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

నేను సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో ఆరేళ్లు లీగ్ మ్యాచ్‌లు ఆడాను. మీడియం పేస్ వేసేవాణ్ని. అక్కడ పక్కపక్కనే మ్యాచ్‌లు నడుస్తుంటాయి, మన ఫైన్ లెగ్‌కీ పక్క మ్యాచ్ పాయింట్ ఫీల్డర్‌కీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు. ఏప్రిల్ ఎండలో పది ఓవర్లు వేస్తే అరికాళ్లు బొబ్బలెక్కేవి. ఒకసారి 5 వికెట్లు తీశాను. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ మాత్రం మా జట్టులోనే 60 కొట్టిన ఓపెనర్‌కిచ్చారు. ఆ చిన్న కప్పు వాళ్లింట్లో టీవీ పక్కన ఇప్పటికీ ఉంది. వెళ్లినప్పుడల్లా నా కళ్లు దాని మీదకే పోతాయి.

నా అభిప్రాయం గట్టిపడింది మాత్రం 2009 నవంబర్ 5న, ఉప్పల్ స్టేడియంలో. ఆస్ట్రేలియాతో డే నైట్ మ్యాచ్. నాతో మా పెద్దనాన్న వచ్చారు. ఆయనా ఒకప్పుడు లీగ్‌లో ఆఫ్ స్పిన్ వేసిన మనిషే. అప్పటికి మెట్రో లేదు, సిటీ బస్సులో వేలాడుతూ పోయాం.    

ఆస్ట్రేలియా 4 వికెట్లకి 350 కొట్టింది. షాన్ మార్ష్ 112, వాట్సన్ 93. ఆ తర్వాత సచిన్ ఏం చేశాడో మీకు తెలుసు. 141 బంతుల్లో 175. వన్డేల్లో 17,000 పరుగులు దాటింది కూడా ఆ రాత్రే. అటువైపు రైనా 59 కొట్టాడు, మిగతావాళ్లు వస్తున్నారు, పోతున్నారు. స్టేడియం మొత్తం కుర్చీల మీదే నిలబడి ఉంది. నా గొంతు ఎప్పుడో పోయింది.

పెద్దనాన్న మాత్రం కూర్చునే ఉన్నారు. ముందు నిలబడ్డవాళ్ల నడుముల మధ్య నుంచి చూస్తున్నారు. నన్ను లాగి కూర్చోబెట్టి, "సచిన్‌ని అందరూ చూస్తున్నరు గదా. నువ్వు ఆ బౌలర్‌ని చూడు. చెయ్యి చూడు" అన్నారు.

ఆ బౌలర్ క్లింట్ మెకే. అతనికి అదే మొదటి వన్డే. ఇంకా 19 పరుగులు కావాలి, నాలుగు వికెట్లు చేతిలో ఉన్నాయి. కొడుతున్నది సచిన్, చుట్టూ వేలమంది ఒకే పేరు అరుస్తున్నారు. అలాంటి చోట కొత్త కుర్రాడు భయంతో ఇంకా గట్టిగా విసరాలని చూస్తాడు, నేనైతే అదే చేసేవాణ్ని. మెకే వేగం తగ్గించాడు. పరుగు అదే, చెయ్యి తిరిగే తీరూ అదే, బంతి మాత్రం ఆలస్యంగా వచ్చింది. సచిన్ అప్పటికే ఆఫ్ వైపు జరిగి, షార్ట్ ఫైన్ లెగ్ మీదుగా ఎత్తాలని వంగేశాడు. బంతి పైకి లేచి నేరుగా ఫీల్డర్ హారిట్జ్ చేతుల్లో పడింది.

అంత శబ్దం అంత త్వరగా ఆగిపోవడం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. మా ముందున్న పిల్లవాడు బుగ్గ మీద గీయించుకున్న జెండా చెదిరిపోయేలా ఏడ్చాడు. వాళ్ల నాన్న వాణ్ని ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు. సగం స్టాండు అప్పుడే ఖాళీ అయింది. మనం 347కి ఆలౌట్, 3 పరుగులతో ఓటమి. హబ్సిగూడ దాకా నడిచొస్తుంటే దారి పొడవునా ఒకటే మాట: సచిన్ ఆ షాట్ ఆడకుండా ఉండాల్సింది. మెకే ఆ బంతి ఎంత ధైర్యంగా వేశాడో అన్నవాడు మా పెద్దనాన్న ఒక్కరే. మన బౌలర్లు ఎక్కడో ఒక్క ఓవర్ నాలుగు పరుగులు తక్కువ ఇచ్చి ఉంటే ఆ 175 గెలుపు ఇన్నింగ్స్ అయ్యేదని కూడా ఎవరూ అనలేదు.

అందుకే నా నంబర్ వన్ పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్. 502 వికెట్లు. అంకె కంటే నాకు ముఖ్యమైనది 1992 వరల్డ్ కప్ ఫైనల్. ఇంగ్లండ్ బ్యాటర్ అలన్ లాంబ్‌కి రౌండ్ ద వికెట్ వచ్చి వేసిన బంతి లోపలికి వస్తున్నట్టే వచ్చి, పడ్డాక బయటికి తిరిగి ఆఫ్ స్టంప్‌ని లేపేసింది. తర్వాతి బంతికే క్రిస్ లూయిస్ బౌల్డ్, ఈసారి బంతి లోపలికి. రెండు బంతుల్లో కప్పు చేతులు మారింది. అంతకుముందు అదే మనిషి 18 బంతుల్లో 33 కొట్టాడు కూడా.

రెండు, వివ్ రిచర్డ్స్. 1984లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో వెస్టిండీస్ 9 వికెట్లకి 272 కొడితే అందులో 189 ఆయనవే. చివరి వికెట్‌కి హోల్డింగ్‌తో కలిసి 106 జోడించారు, అందులో హోల్డింగ్‌వి 12. 118 వికెట్లు కూడా తీశాడు. 1975 ఫైనల్‌లో ముగ్గురిని రనౌట్ చేసిన చేతులు ఆయనవే.

మూడు, సచిన్. 18,426 పరుగుల గురించి నేను చెప్పక్కర్లేదు. నేను ఆయన్ని తలచుకునేది 1993 హీరో కప్ సెమీఫైనల్‌తో. ఈడెన్‌లో చివరి ఓవర్, దక్షిణాఫ్రికాకి 6 పరుగులు కావాలి, బంతి సచిన్ చేతికిచ్చారు. ఇచ్చినవి 3 పరుగులు. ఆ ఓవర్ వేసిన మనిషికి ఉప్పల్‌లో మెకే ఏం చేశాడో అందరికంటే బాగా తెలిసి ఉంటుంది.

నాలుగు, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ జోయెల్ గార్నర్. ఇక్కడ చాలామంది నాతో గొడవ పడతారు, పడండి. 98 మ్యాచ్‌లు, 146 వికెట్లు, ఓవర్‌కి 3.09 పరుగులు. మనం గెలిచిన 1983 ఫైనల్‌లో కూడా ఆయన లెక్క చూడండి: 12 ఓవర్లు, 24 పరుగులు. ఐదు, మురళీధరన్, 534 వికెట్లు. కోహ్లి ఆరు. 50 సెంచరీలు దాటినవాణ్ని ఆరులో పెడతావా అంటారు. పెడతాను. 2011 నుంచి 2025 దాకా ఇన్నింగ్స్ మొత్తం రెండు వైపుల నుంచి రెండు కొత్త బంతులు. ఒక్కో బంతి 25 ఓవర్లే ఆడేది. బంతి పాతబడకపోతే రివర్స్ స్వింగ్, అంటే పాత బంతి గాల్లో ఎదురు దిశకి తిరగడం, ఎక్కడి నుంచి వస్తుంది? దానికి తోడు దగ్గరికి లాగిన బౌండరీ తాళ్లు, ఫ్రీ హిట్లు. కోహ్లి ఛేజింగ్ అద్భుతమే, కానీ అక్రమ్ చేతిలోని పాత బంతి ఆయనకి ఎదురుపడలేదు. మెక్‌గ్రాత్, ధోని, కపిల్‌ల వరుస మీరు ఎలా మార్చినా నాకు అభ్యంతరం లేదు.

2023 జనవరిలో ఉప్పల్‌లోనే శుభ్‌మన్ గిల్ న్యూజిలాండ్ మీద 208 కొట్టాడు. ఆ రోజు రెండు జట్లు కలిపి 686 పరుగులు. అదే పిచ్ మీద మన హైదరాబాదీ సిరాజ్ 46 పరుగులకి 4 వికెట్లు తీశాడు. బ్రేస్‌వెల్ 78 బంతుల్లో 140 కొట్టి మ్యాచ్ లాగేసుకునేలా ఉంటే మనం గెలిచింది 12 పరుగులతో. సిరాజ్ లేకపోతే ఆ 208 కూడా ఇంకో 175 అయ్యేది. మా కాలనీలో ఎవర్ని అడిగినా గిల్ పేరే చెబుతారు. సొంత ఊరివాడి గతి సొంత ఊళ్లోనే ఇది.

మహిళల క్రికెట్‌లోనూ ఇదే కథ. సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ 7,805 పరుగులు మనకి గర్వం, అందులో సందేహం లేదు. మరి 255 వికెట్లు తీసిన జులన్ గోస్వామిని ఎంతమంది లిస్టులో చూశారు?

2025లో రూల్ మార్చారు. 34 ఓవర్ల దాకా రెండు బంతులు, ఆ తర్వాత వాటిలో ఒకటే, అంటే బంతి మళ్లీ పాతబడుతుంది. అప్పటి నుంచి నేను వన్డే పెడితే 35వ ఓవర్ దగ్గర ఫోన్ పక్కన పడేసి కూర్చుంటున్నాను. పెద్దనాన్నకి ఇప్పుడు చూపు తగ్గింది, ప్రతి ఓవర్‌కీ అడుగుతారు, "తిరుగుతుందారా బంతి?" అని.