గడ్డకట్టిన చెరువు మీద రాత్రంతా బర్బట్ వేట, పోవచ్చునా?

ప్రశ్న: నేను హన్మకొండల ఉండే రిటైర్డ్ టీచర్ని. ధర్మసాగర్ కట్ట మీద గాలం ఏసుడు చిన్నప్పటి నుంచి అలవాటు. వచ్చే జనవరిల బిడ్డ దగ్గరికి అమెరికాల మిన్నెసోటా పోతున్నం. అల్లుడు, ఆయన దోస్తులు గడ్డకట్టిన సరస్సు మీద టెంట్ ఏసి రాత్రంతా బర్బట్ అనే చేప పడతరట, మామయ్యా మీరు గూడ రావాలె అంటున్నడు. ఇంటామె వద్దే వద్దంటున్నది. నాకు బీపీ, షుగర్ ఉన్నయి, ఇన్సులిన్ తీసుకుంట. ఏం ప్లాన్ చేసుకోవాలె?

జవాబు: సార్, పోండ్రి. మీ డాక్టర్ సరే అంటే మాత్రం తప్పకుండ పోండ్రి, ఎందుకంటే గట్టి చలికి రక్తనాళాలు బిగుసుకుంటయి, బీపీ పెరుగుతది, గుండె మీద బరువు పడతది, అందుకే టికెట్ కంటె ముందు ఆ మాట అడగాలె. ఇగ నా దిక్కు నుంచి ఒకటే షరతు, మొదటిసారి టెంట్ల వద్దు. అక్కడ రిసార్టులోళ్లు స్లీపర్ హౌస్ అని కిరాయికిస్తరు, మంచు మీదనే నిలబెట్టిన చిన్న రూము, పడుకోను బంకులు, హీటర్, స్టవ్, చేప పట్టనీకె నేలలనే రంధ్రాలు. కెనడా బార్డర్ల లేక్ ఆఫ్ ద వుడ్స్ అనే సరస్సు మీద ఇసొంటియి చానా ఉంటయి. మంచు ఎంత మందముందో వాళ్లు చూసుకుంటరు, తొవ్వల మంచు తీస్తరు, మీరు ఏ నంబర్ రూముల ఉన్నరో వాళ్లకు ఎరుక. అల్లుడికి చెప్పుండ్రి, ఇంటామె భయం గూడ సగం తగ్గుతది.

ఇగ చేప ముచ్చట. బర్బట్ అంటే సముద్రంల ఉండే కాడ్ చేపల జాతిది, ఆ గుంపుల మొత్తం బతుకు మంచినీళ్లల్ల గడిపేది ఇదొక్కటే. అక్కడోళ్లు ఈల్‌పౌట్ అంటరు, వాకర్ అనే ఊర్లె దీని పేరు మీద పండగే చేసేది. గోధుమ రంగు మచ్చలు, గడ్డం కింద ఒక్కటే మీసం, చర్మమంత జిగట. మన కొర్రమట్ట గాని వేరేటియి గాని వానలు పడి కొత్తనీళ్లు వస్తే గుడ్లు పెడతయి గదా, ఇది దానికి పూర్తిగ ఉల్టా, జనవరి నుంచి మార్చి దాక నీళ్లు గడ్డకట్టి ఉన్నప్పుడు, మంచు కింద, రాత్రిపూట గుంపులు గుంపులుగ చేరి గుడ్లు పెడతది. మేత గూడ ఎక్కువ రాత్రే. అందుకే రాత్రంతా ఉండుడు, ఊకెనె సరదాకు కాదు.

మధ్యాహ్నం మూడింటి వరకు రూముకు చేరాలె, జనవరిల అక్కడ సాయంత్రం అయిదు దాటంగనే చీకటి. వెలుగున్నప్పుడే గాలాలు తయారు పెట్టుకోండ్రి. లోతునీళ్ల పక్కన రాళ్ల దిబ్బలుంటయి, కిందినేల గట్టిగ ఉండే ఆ జాగల 20 నుంచి 30 అడుగుల లోతుల చూడాలె, అది రిసార్టోళ్లను అడిగితే సరిపోతది. చీకట్ల మెరిసే స్పూన్ అనే రేకు ఎర ఉంటది, దానికి టార్చి కొడితే కొద్దిసేపు వెలుగుతది, దాని ముల్లుకు చిన్నచేప తలకాయ గుచ్చి కింద నేలకు టపటప కొట్టి ఆపాలె, బురద లేస్తే బర్బట్ దగ్గరికొస్తది. మిన్నెసోటాల మంచు మీద మనిషికి రెండు గాలాలు ఏయొచ్చు, రెండోదాన్ని గోడకుండే రాటిల్ రీల్‌కు కట్టి మీరు పడుకోండ్రి, చేప గుంజంగనే గలగల మోగి లేపుతది. పైకొచ్చినంక ముల్లు తీస్తుంటె తోకను మీ ముంజేతికి చుట్టేస్తది, చల్లగ, జిగటగ, మొదటిసారి ఎవ్వరైనా ఉలిక్కిపడతరు, అది ఏం చెయ్యదు. ముల్లు లోపటిదాక మింగుతది గావట్టి పొడుగు మూతి పట్టకారు దగ్గర పెట్టుకోండ్రి. లైసెన్స్ మర్చిపోవద్దు, బయటినుంచి వచ్చినోళ్లకు ఒక్కరోజుది, మూడురోజులది గూడ ఇస్తరు.

నాకు అన్నిటికంటె ఎక్కువ భయం చలి గాదు, హీటర్. గ్యాస్ మండుతుంటె గాలి ఆడకపోతె కార్బన్ మోనాక్సైడ్ తయారైతది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రల ఉన్నోళ్లు నిద్రల్నే పోతరు. టెంట్ల ఇది ఇంకా మోసం. ఎంత చలైనా గాలి వచ్చే సందు మూయొద్దు, బయట మంచు పేరుకొని ఆ సందు మూసుకుందేమో పడుకునే ముందు ఒకరు చూసి రావాలె, ఆ విషగాలిని పసిగట్టి మోగే అలారం ఒకటి కొనుక్కొని పోవాలె. తలనొప్పి లేస్తె, వాంతికొచ్చినట్టయితె, చలి అని చూడకుంట అందరు బయటికి రావాలె.

ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కరిగినంక గూడ వాడొద్దు, కాబట్టి లోపలి జేబుల ఒంటికి దగ్గరగ పెట్టుకోండ్రి, షుగర్ మిషన్ గూడ అట్లనే, ఫోన్ గూడ. కాటన్ బనీను వద్దు, చెమటకు తడిసి అట్లనే చల్లబడతది, ఉన్నిది ఏసుకోండ్రి. విస్కీ తాగితే వేడి పుడతదని ఎవరన్నా అంటె వినకుండ్రి, చర్మానికి రక్తం ఎక్కి వేడిగ అనిపిస్తది గని ఒంట్ల వేడి బయటికి పోతది, పైగ షుగర్ ఎటు పడిపోతదో తెల్వదు.

వండుడు చెప్పకపోతె మీరు ఊకోరు. తోలు తీసేయాలె, మాంసం తెల్లగ ముళ్లు తక్కువ. చింతపండు పులుసు బాగ మసిలి చిక్కబడ్డంక ఆఖరికి ముక్కలు ఏసి అయిదారు నిమిషాలకు దించుకోండ్రి, ఎక్కువ ఉడికితే రబ్బర్ లెక్క సాగుతది.

ప్రశ్న: మా బాబు మిన్నెసోటాల ఎంఎస్ చదువుతుండు. గడ్డకట్టిన చెరువు మీద కారు నిలబెట్టిన ఫోటో పంపిండు, చూసి నా గుండె జల్లుమన్నది. మంచు పగలదా? – ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: పగులుతదమ్మా, మందం లేకుంటె. అక్కడి ప్రభుత్వ శాఖ చెప్పే లెక్క ఏందంటె, కొత్తగ గట్టిగ కట్టిన తేట మంచు 4 ఇంచులుంటె మనిషి నడవొచ్చు, చిన్న కారుకు 9, 10 ఇంచులన్న ఉండాలె, పాలలెక్క తెల్లగ ఉండే మంచుకు అంత బలముండదు గావట్టి దానికి డబుల్ కావాలె. ఒకచోట మందముంటె పక్కన ఉండాలని లేదు, వాగు కలిసేకాడ, నీళ్లు ఊరేకాడ పలచగ ఉంటది, అందుకే నడుచుకుంట అక్కడక్కడ కొలవాలె.

పడితే ఏం చెయ్యాలెనో మీ బాబుకు నేర్పియ్యుండ్రి. మొదటి నిమిషం ఊపిరి ఎగపోస్తది, అప్పుడు కొట్టుకోకుంట ఊపిరి సర్దుకోవాలె. చేతులు కాళ్లు మాట వినేది ఆ తర్వాత సుమారు 10 నిమిషాలు, ఆలోపల వచ్చిన దిక్కుకే తిరిగి, కాళ్లు కొట్టుకుంట బోర్ల మంచు మీదికి ఎక్కి, నిలబడకుంట దొర్లుకుంట రావాలె. జారే మంచును పట్టుకోను ఐస్ పిక్స్ అని మొనలున్న పిడులు దొరుకుతయి. బ్యాగుల పెడితే ఆ టైముకు చేతికి రావు, మెడల ఏసుకొనే మంచు మీదికి దిగుమనుండ్రి, ఒంటిగ మాత్రం పోవద్దనుండ్రి.