గొంతుతో ఉపాధి: సాఫ్ట్‌వేర్ కొనే ముందు గది సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆడియో పుస్తకాలు చదవడం, వాయిస్ ఓవర్ చెప్పడం వృత్తిగా ఎంచుకుంటానంటోంది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే గొంతు రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు? తను చేరాలనుకుంటున్న శిక్షణ సంస్థ వారు నెలనెలా చందా కట్టే ఖరీదైన సాఫ్ట్‌వేరే ఉండాలంటున్నారు. తక్కువ ఖర్చులో దొరికేవాటిని పోల్చి చెప్పగలరు. ఆరు నెలల్లో సంపాదన కనబడకపోతే ఇదంతా మానేయాలని షరతు పెట్టాను. ఇప్పుడు తప్పుగా ఎంచుకుంటే దాని భవిష్యత్తు ఏమవుతుందోనని భయంగా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది సాఫ్ట్‌వేర్ గురించే అయినా, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం చివరి రెండు వాక్యాల్లో ఉంది. పిల్లలు కొత్త దారి పడతామన్నప్పుడు తల్లిదండ్రుల నుంచి ఇటువంటి ప్రశ్నలు నాకు తరచుగా వస్తుంటాయి. కెమెరా ఏది కొనాలి, కంప్యూటర్ ఏది కొనాలి అని అడుగుతారు. కానీ వారికి కావలసింది, డబ్బు పెట్టాం కనుక దారి సరైనదే అయి ఉంటుందన్న ధీమా. ఆ ధీమా ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు. అయితే మీ భయంలో ఒక భాగాన్ని ఇప్పుడే తీసేయగలను. సాఫ్ట్‌వేర్ ఎంపికలో పొరపాటు జరిగినంత మాత్రాన ఎవరి భవిష్యత్తూ చెడిపోదు. రికార్డు చేసినదాన్ని వేవ్ ఫైలుగా దాచుకుంటే దాన్ని ఏ ఆడియో సాఫ్ట్‌వేరైనా తెరుస్తుంది కాబట్టి, ఒకటి నచ్చకపోతే ఇంకొకదానికి మారడం పెద్ద పని కాదు.

ముందుగా ఆడాసిటీతో మొదలుపెట్టించండి. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకోవడం మొదలై 2000లో విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఈనాటికీ ఉచితంగానే దొరుకుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దీని మీద ఒకప్పుడు న్యాయమైన ఫిర్యాదు ఒకటి ఉండేది. ఏ ఎఫెక్ట్ (ధ్వనిని మార్చే, మెరుగుపరిచే సౌకర్యం) వేసినా అది నేరుగా రికార్డింగునే మార్చేసేది కనుక, ఫైలు మూసేశాక మనసు మారితే చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి ఎఫెక్టులను ట్రాకు మీద ఉంచి, వింటూ సరిచేసుకుని, అక్కర్లేదనుకుంటే తీసేసే వీలు కలిగింది. అందుచేత దాన్ని ఇంకా పసిపిల్లల సాఫ్ట్‌వేర్ అని తీసిపారేసేవారి మాటకు అంత విలువ ఇవ్వనవసరం లేదు.

పుస్తకాలు చదివేవారికి ఇందులో అన్నిటికన్నా అక్కరకు వచ్చేది పంచ్ అండ్ రోల్ అనే పద్ధతి. చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర నాలుక తడబడిందనుకోండి. ఆ వాక్యానికి ముందు ఊపిరి తీసుకున్న ఖాళీలో కర్సర్ పెట్టి, షిఫ్ట్, డి మీటలు కలిపి నొక్కాలి. అంతకు ముందు చదివిన కొన్ని సెకన్ల భాగం హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. కర్సర్ ఉన్న చోటు రాగానే రికార్డింగ్ దానంతట అదే మొదలవుతుంది. తన గొంతు స్థాయినీ వేగాన్నీ తానే విని, అదే ఒరవడిలో మీ అమ్మాయి వాక్యాన్ని అందుకోగలుగుతుంది. చివర్లో కూర్చుని తప్పులు వెతికి కత్తిరించే శ్రమ దీనివల్ల ఎంతో తగ్గుతుంది. చందా కట్టమంటున్న ఆ సంస్థ వారు ఈ పద్ధతి నేర్పుతారో లేదో ఒకసారి అడిగి చూడండి. వారి శిక్షణ ఏపాటిదో ఆ ఒక్క జవాబులోనే తెలిసిపోతుంది.

రెండోది రీపర్. 60 రోజులపాటు ఏ సౌకర్యానికీ తాళం వేయకుండా వాడి చూడనిస్తారు. ఆ తర్వాత సొంతానికి వాడుకునేవారికీ, తక్కువ ఆదాయం ఉన్నవారికీ లైసెన్సు 60 డాలర్లు. ఒకసారి కడితే సరిపోతుంది, చందా ఉండదు. గంటల కొద్దీ సాగే పుస్తకాలకూ, అనేక గొంతులు కలిసే నాటకాలకూ ఇది ఆడాసిటీ కన్నా అనువైనదని నా అభిప్రాయం. కాకపోతే తెర తెరవగానే కనిపించే మెనూలు కొత్తవారిని బెదరగొడతాయి కాబట్టి మొదటి రోజే దీన్ని అప్పగించవద్దు. మీ ఇంట్లో ఉన్నది మ్యాక్ అయితే గరాజ్‌బ్యాండ్ ఉచితంగానే వస్తుంది. సంగీతం కోసం చేసినదే అయినా మాటలకూ పనికొస్తుంది. ఇక అడోబీ ఆడిషన్ వంటి చందా సాఫ్ట్‌వేర్లు చెడ్డవని నేను అనను, అవి మంచి పనిముట్లే. చందా ఆపితే అవి వాడుకోవడానికి ఉండవన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఒకే గొంతు, ఒకే మైకు ఉన్న విద్యార్థికి ఆ ఖర్చు ఇప్పుడు అనవసరం. దొంగ కాపీలు తెచ్చుకునే ఆలోచన ఉంటే అసలు చేయకండి. ఉచితమైనవే ఇంత బాగున్నప్పుడు కంప్యూటర్‌లోకి వైరస్‌ను పిలిచి తెచ్చుకోవడం దేనికి?

పోలిక ఇంతకన్నా పొడిగించను, ఎందుకంటే పని దక్కేదీ లేనిదీ నిర్ణయమయ్యేది గదిలో. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ ప్రమాణాలనే ఉదాహరణగా తీసుకోండి. (రికార్డింగులో గరిష్ఠ స్థాయిని సున్నాగా లెక్కిస్తారు, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ శబ్దం తగ్గినట్టు.) గొంతు సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలి, అత్యధిక స్థాయి మైనస్ 3 దాటకూడదు, ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే నేపథ్య శబ్దం మైనస్ 60కి మించకూడదు. మొదటి రెండింటినీ ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా సులువుగా సరిచేస్తుంది. చిక్కంతా మూడోదానితోనే. మీ అమ్మాయి గొంతు మైనస్ 30 దగ్గర, గది శబ్దం మైనస్ 62 దగ్గర రికార్డయ్యాయనుకుందాం. గొంతును నిబంధనలోకి తేవడానికి 10 డెసిబెల్స్ పెంచితే గది శబ్దం కూడా అంతే పెరిగి మైనస్ 52కు చేరుతుంది, ఫైలు తిరిగి వచ్చేస్తుంది. నాయిస్ రిడక్షన్‌తో తుడిచేద్దామని మోతాదు పెంచితే గొంతు నీళ్లలో నుంచి వస్తున్నట్టుగా, లోహపు ధ్వనిగా మారిపోతుంది. అందుకని ఈ రాత్రే ఒక పని చేయించండి. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఏమీ మాట్లాడకుండా పది సెకన్లు రికార్డు చేసి, ఆ స్థాయి ఎంతుందో చూడమనండి. ఆ తర్వాత బట్టల అలమర తెరిచి దాని ముందు కూర్చునో, చుట్టూ మందపాటి దుప్పట్లు వేలాడదీసుకునో, మైకుకు జానెడు దూరంలో, ప, ఫ, భ అక్షరాల ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు తిరిగి చదవమనండి. రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి వింటే, డబ్బు పెట్టవలసి వస్తే దేని మీద పెట్టాలో మీకే అర్థమవుతుంది.

ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. ఏడాది చందా కట్టడానికి వెనుకాడని తల్లిదండ్రులే, పిల్లలు రికార్డు చేసుకునే గంటసేపు హాల్లో టీవీ ఆపడానికి ఒప్పుకోరు, మధ్యలో తలుపు తోసుకుని లోపలికి వస్తారు, ఇంటికి వచ్చినవారి ముందు "గదిలో కూర్చుని తనలో తానే మాట్లాడుకుంటోంది" అని నవ్వుతారు. మీ ఇంట్లో ఇలా జరగడం లేదని నమ్ముతాను. కానీ మీరు పెట్టిన ఆరు నెలల షరతు మాత్రం సరైనది కాదు. మొదటి నెలలన్నీ తన గొంతును తానే విని తట్టుకోవడానికీ, ఒక పేజీని తడబడకుండా చదవడానికీ సరిపోతాయి. ఆ సమయంలో సంపాదనను కొలబద్దగా పెడితే, మిమ్మల్ని మెప్పించడం కోసం ఎవరు ఎంత తక్కువ ఇస్తామన్నా ఒప్పుకుంటుంది. ఆ తొందరలో చదివిన నాసిరకం నమూనాలే ఆమె పేరు మీద మిగిలిపోతాయి. షరతే కావాలనుకుంటే, వారానికి ఒక అధ్యాయం పూర్తిగా చదివి, దిద్ది, పై ప్రమాణాలకు తగ్గట్టు తయారు చేయాలని పెట్టండి. అది నెరవేరిందో లేదో మీరూ విని తెలుసుకోవచ్చు.

ఈ వృత్తి మీద నాకున్న సందేహాలను కూడా దాచను. ఇంట్లో కూర్చుని గొంతుతో సంపాదించవచ్చని ప్రచారం చేసేవారిలో చాలామంది శిక్షణ అమ్ముకునేవారే. ఒక గంట నిడివి గల ఆడియో పూర్తి కావాలంటే చదవడం, దిద్దడం, మళ్లీ వినడం కలిపి దానికి ఎన్నో రెట్ల సమయం పడుతుందని వారు చెప్పరు. అన్నిటికన్నా పెద్ద సందేహం కృత్రిమ స్వరాల గురించి. చిన్న ప్రకటనలు, ఫోన్‌లో వినిపించే సూచనలు, కార్యాలయాల శిక్షణ వీడియోల వంటి పనులు, కొత్తవారికి మొదట దొరికేవే, యంత్రం చేతికి వెళ్లిపోతున్నాయి. అమెరికా నటుల సంఘం 2023లో చేసిన సమ్మెలో కృత్రిమ మేధ ఒక ప్రధాన అంశమైందంటే పేరున్నవారు కూడా దీన్ని ఎంత తీవ్రంగా తీసుకున్నారో గ్రహించండి. పాత్రకు తగినట్టు గొంతు మార్చి, అర్థం తెలిసి, విరుపు తెలిసి చదివేవారికి చోటు ఉంటుందనే నా నమ్మకం. అయితే అక్కడికి చేరడానికి మునుపున్నన్ని మెట్లు ఇప్పుడు లేవు. అందుకే డిగ్రీ మానవద్దని ఆమెకు గట్టిగా చెప్పండి, నా మాటగానే చెప్పండి. డిగ్రీ చదువుతూ రోజుకు గంటసేపు ఈ సాధన చేయడంలో ఆమె పోగొట్టుకునేది ఏమీ లేదు. ధ్వనిని దిద్దడం చేతనైతే పాడ్‌కాస్టుల ఎడిటింగ్, రేడియో, ఆన్‌లైన్ పాఠాల తయారీ వంటి పనుల్లోనూ అది అక్కరకు వస్తుంది కాబట్టి, గొంతుకు అవకాశం రాకపోయినా నేర్చుకున్నది వృథా కాదు.

మొదటి పని వచ్చినప్పుడు మాత్రం మీరు పక్కన కూర్చోవాలి. ఒప్పందంలో ఆ రికార్డింగును ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారో రాసి ఉందా, కృత్రిమ స్వరం తయారు చేయడానికో, యంత్రానికి శిక్షణ ఇవ్వడానికో వాడుకునే హక్కు అడుగుతున్నారా అన్నది ఇద్దరూ కలిసి చదవండి. అటువంటి హక్కు అడిగితే ఎంత డబ్బు ఇస్తామన్నా వెంటనే సంతకం చేయనివ్వకండి. ఆ వాక్యాన్ని తీసేయమని రాతపూర్వకంగా కోరండి, అందుకు వారు ఒప్పుకోకపోతే ఒక న్యాయవాదికి చూపించిన తర్వాతే ఏ నిర్ణయమైనా తీసుకోండి.